వడ్డీకి తెచ్చిన డబ్బు దేవుడిచ్చింది కాదు

ప్రశ్న: మా వారికి 43 ఏళ్లు. చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో నెలకు 24,000 జీతానికి చేసేవారు. పది నెలల కిందట "ఇక విశ్వాస జీవితమే, దేవుడే పోషిస్తాడు" అని మానేసి పూర్తికాల సేవలోకి వెళ్లారు. కానుకలు నెలకు మూడు నాలుగు వేలు వస్తాయి, ఒక్కో నెల అవీ ఉండవు. నేను మిషన్ కుట్టి 8,000 తెస్తాను. అద్దె, బియ్యం, కరెంటు, పిల్లల చదువు కలిపి ఇంటికి 15,000 కావాలి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు 2,40,000 అయింది. అందులో 60,000 ఒక కూడికలో "విత్తనం"గా, అంటే ఎన్నో రెట్లు తిరిగి వస్తుందన్న నమ్మకంతో ఇచ్చే కానుకగా వేశారు. ఇంకో లక్ష ఇస్తానని అక్కడే నిలబడి చెప్పి వచ్చారు. బ్యాంకులో ఏటా కట్ అయ్యే బీమా కూడా అవిశ్వాసమని ఆపించారు. నా నాలుగు సవర్ల గొలుసు ఒక్కటే మిగిలింది, ఇప్పుడు అదీ అడుగుతున్నారు. లెక్క అడిగితే "ఆకాశపక్షులను చూడు, నీకు విశ్వాసం లేదు" అంటున్నారు. నాకు నిజంగానే విశ్వాసం లేదా? నేనేం చేయాలి?
ఒక సోదరి, ప్రకాశం జిల్లా

సమాధానం:

సోదరీ, వందనాలు. ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు. మీకు విశ్వాసం లేకపోవడం ఏమీ లేదు. పది నెలలుగా మీ ఇంట్లో దేవుడు పోషిస్తున్నది ప్రధానంగా మీ కుట్టుమిషన్ ద్వారానే. ఆ పోషణ ఎటు పోతోందో ఒక్కసారి చూడండి. 2,40,000 మీద నూటికి మూడు రూపాయలంటే నెలకు 7,200. మీరు తెచ్చేది 8,000. పది జాకెట్లు కుడితే తొమ్మిది వడ్డీకే పోతున్నాయి. మిగిలిన ఒక్క జాకెట్టు డబ్బూ, ఆ మూడు నాలుగు వేల కానుకలూ 15,000 ఖర్చుకు చాలవు కాబట్టి ప్రతి నెలా మళ్లీ అప్పు. వడ్డీ కట్టకుండా అసలులో కలుపుతూ పోతే ఈ రేటుకు అప్పు రెండేళ్లలో రెట్టింపవుతుంది.

మీ వారి ఉద్దేశాన్ని మేము శంకించడం లేదు. దేవుడు పోషిస్తాడన్నది మేమూ నమ్మే మాటే. కానీ ఈ పది నెలలు ఆయన ఆధారపడింది వడ్డీకి ఇచ్చేవాళ్ల మీద. బీరువాలో డబ్బు అయిపోయినప్పుడు ఆయన వెళ్లి తట్టింది వాళ్ల తలుపే కదా. ఆ డబ్బుతో బియ్యం కొని "దేవుడిచ్చాడు" అని సాక్ష్యం చెబితే, వినేవాళ్లకు వాస్తవం తెలియదు. ఆయనకూ తెలియకుండా పోతుంది. అసలు ప్రమాదం అదే. దేవుడు నిజంగా ఎంత ఇస్తున్నాడో, ఎక్కడ ఇవ్వకుండా ఆపుతున్నాడో కనబడకుండా అప్పు కప్పేస్తుంది.

ఆకాశపక్షుల మాట మత్తయి 6లో ఉంది. అక్కడ యేసు ప్రభువు వద్దన్నది చింతను. పనిని వద్దనలేదు. పిచ్చుక విత్తదు, కోయదు, నిజమే. కానీ తెల్లారిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా అది గింజల కోసం తిరుగుతూనే ఉంటుంది. గూట్లో కూర్చుని నోరు తెరిచేవి రెక్కలు రాని పిల్లలు.

మీ వారితో కలిసి చదవమని మేము చెప్పే భాగాలు మూడు. మొదటిది నిర్గమకాండము 16, అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారం మన్నా సంగతి. దేవుడు పోషించడానికి దాన్ని మించిన ఉదాహరణ లేదు కాబట్టి నిదానంగా చదవండి. మన్నా నేల మీద పడింది, ఎవరి గిన్నెలోనూ పడలేదు. పొద్దున్నే లేచి, వంగి ఏరుకోవాలి. ఎండెక్కితే కరిగిపోయేది. మనిషికి ఒక ఓమెరు, అంటే సుమారు రెండు లీటర్లు. ఇంట్లో ఎంతమందో లెక్కపెట్టి తెచ్చుకోవాలి. తెచ్చాక సంఖ్యాకాండము 11:8 ప్రకారం తిరగలిలో విసరాలి లేదా రోట్లో దంచాలి, ఆ తర్వాత వండుకోవాలి. మామూలు రోజున రేపటికి దాస్తే పురుగు పట్టి కంపు కొట్టింది. ఆరో రోజు మాత్రం రెండింతలు తెచ్చి దాచుకోమన్నది దేవుడే, ఆ దాచింది చెడలేదు. ఏడో రోజు ఏరుకుందామని వెళ్లినవాళ్లకు ఏమీ దొరకలేదు. అంటే దాచడమంతా అవిశ్వాసమనీ కాదు, అంతా మంచిదనీ కాదు. దాచమన్నప్పుడు దాచకపోయినా తప్పే. యోసేపు ఐగుప్తులో ఏడేళ్ల పంటలో అయిదో వంతు కొట్లలో పోయించింది కూడా దేవుడు కల ద్వారా చెప్పినదాన్ని నమ్మాడు కాబట్టే.

రెండోది యెహోషువ 5:12. ఒక్కటే వచనం. దేవుడు ఇస్తానన్న కనాను దేశానికి చేరి, అక్కడి పంట తిన్న మర్నాటి నుంచి మన్నా ఆగిపోయింది. నలభై ఏళ్లు కురిసింది దున్నడానికి నేల లేని అరణ్యంలో. నేల చేతికి వచ్చాక దేవుడి పోషణ నాగలి ద్వారా వచ్చింది. మీ వారికి చేతిలో పని ఉంది, ఒంట్లో ఓపిక ఉంది, వెళ్తే పనిచ్చే చోటు ఉంది. ఆయన ఇప్పుడు ఉన్నది అరణ్యంలోనా, కనానులోనా? ఈ ప్రశ్న మీరు వాదనగా వేయొద్దు. చదివి ఊరుకోండి, ఆయన్నే ఆలోచించుకోనివ్వండి.

మూడోది 2 రాజులు 4, అప్పులపాలైన విధవరాలి సంగతి. ఇది అచ్చంగా మీ ఇంటి సంగతే. అప్పిచ్చినవాడు పిల్లల్ని పట్టుకుపోవడానికి వచ్చాడు. ప్రవక్త ఎలీషా వేసిన ప్రశ్న "నీ ఇంట్లో ఏముంది?" ఉన్నది కుండలో నూనె. ఇరుగుపొరుగు దగ్గర ఆమె అడిగి తెచ్చుకున్నది ఖాళీ పాత్రలు, డబ్బు కాదు. ఆ కుండలోని కాస్త నూనెతోనే పాత్రలన్నీ నిండాక ఎలీషా చెప్పిన వరస చూడండి: అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి. అద్భుతం జరిగిన ఇంట్లో కూడా మొదటి చెల్లింపు అప్పుకే.

విశ్వాస జీవితం అనగానే మన సంఘాల్లో జార్జ్ ముల్లర్ పేరు చెబుతారు. మీ వారూ చెప్పే ఉంటారు. ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో 1836లో అనాథ పిల్లల కోసం ఇల్లు తెరిచి, 1870 నాటికి అయిదు పెద్ద భవనాలు కట్టి, తన జీవితకాలంలో 10 వేల మందికి పైగా పిల్లల్ని పెంచిన మనిషి. ఎవరినీ డబ్బు అడగలేదన్నది అందరూ చెబుతారు. మిగతా సగం ఎవరూ చెప్పరు. ఆయన అప్పు చేయలేదు. వచ్చిన ప్రతి కానుకకూ రసీదు ఇచ్చి, ఏటేటా లెక్కలు అచ్చు వేయించాడు. రేపటికి ఏమీ లేని రోజున కూడా ఆ మాట బయట పొక్కనివ్వలేదు, కానుక ఇచ్చేవాళ్లు ప్రభావితులవుతారని. "ఈ నెల అద్దె కట్టాలి, ప్రార్థన చేయండి" అని కూడికలో చెప్పడం ఆయన పద్ధతిలో అడగడం కిందికే వస్తుంది. ముల్లర్ భార్యకు అన్న ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్. 1836లో ఆ గ్రోవ్స్ వెంట మన దేశానికి మిషనరీలుగా వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలే నెలజీతం హామీ ఇచ్చే సంస్థ ఏదీ వెనక లేకుండా నరసాపురం ప్రాంతంలో సేవ మొదలుపెట్టాయి. కాబట్టి ఈ రకం జీవితం మన నేలకు కొత్త కాదు, మేము దాన్ని తక్కువ చేయడం లేదు. అయితే అది అప్పు లేని జీవితం, ఎవరు అడిగినా లెక్క చూపించగల జీవితం. ఆ రెండూ లేకుండా ఆ పేరు వాడుకోకూడదు.

మీ జిల్లాలోనే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ, ఆకలితో వచ్చిన జనం కోసం ప్రార్థించి ఊరుకోలేదు. సర్వే పని తెలిసిన మనిషి కాబట్టి బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తనే తీసుకుని వాళ్లకు కూలి ఇప్పించాడు. బోధకులు పగలు మట్టి పనికి మేస్త్రీలుగా ఉండి, విరామంలో వాక్యం చెప్పారు. తిండి కోసం మతంలో చేరుతున్నారన్న మాట రాకూడదని కరువు సాగుతుండగా బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ బోధకుల చేతుల్లో పార ఉన్నందువల్ల సేవ ఏమీ తగ్గలేదు.

ఇప్పుడు చేయవలసినవి.

ముందు ఒక 200 పేజీల నోటుపుస్తకం కొనండి. ఎడమ పేజీలో వచ్చింది: తేదీ, ఎంత, ఎవరి ద్వారా. కుడి పేజీలో వెళ్లింది: తేదీ, ఎంత, దేనికి. అప్పుగా తెచ్చింది ఒక్క రూపాయైనా ఎడమ పేజీలో రాయొద్దు. చేబదులు, కిరాణా కొట్లో ఖాతా, గోల్డ్‌లోను, అన్నీ పుస్తకం చివర్నుంచి వెనక్కి, ఎర్ర సిరాతో. ఈ ఒక్క నియమమే ఈ పద్ధతికి ప్రాణం. నెల తిరిగేసరికి దేవుడు మీ ఇంటికి నిజంగా ఎంత పంపించాడో ఎడమ పేజీ చూపిస్తుంది. సాధారణంగా చెడేది ఎక్కడంటే ఫోన్‌పే, గూగుల్‌పే దగ్గర. చేతిలోంచి నోటు వెళ్తే గుర్తుంటుంది, ఫోన్‌లోంచి వెళ్తే గుర్తుండదు. అందుకని రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు ఫోన్‌లో ఆ రోజు చెల్లింపులు చూసి రాయండి. ఆయన రాయకపోతే మీరే రాయండి. 30 రోజులు గడిచేదాకా ఆయన్ని ఏమీ అడగొద్దు.

రెండోది, కొత్త అప్పు బంద్. మీ చేతిలో ఉన్నంతవరకు కచ్చితంగా. ప్రామిసరీ నోటు మీద గాని, హామీగా గాని మీరు సంతకం పెట్టొద్దు, ఎంత ప్రేమగా అడిగినా సరే. డ్వాక్రా సంఘంలో మీ పేరున లోను తీసి ఆయనకు ఇవ్వొద్దు. కావలసిన వస్తువు కోసం ఇద్దరూ ప్రార్థించండి, వస్తే కొనండి, రాకపోతే లేకుండా గడపండి. అలా గడపగలగడమే ఆయన చెప్పే విశ్వాస జీవితం. మందులు, పిల్లల ఫీజు మాత్రం మీ 8,000 లోంచి ముందే తీసి విడిగా పెట్టండి.

మూడోది గొలుసు. అది ఆయనకు ఇవ్వొద్దు, అలాగని బీరువాలో ఊరికే ఉంచడమూ ఇప్పుడు నష్టమే. మీ పేరుతో, మీరే బ్యాంకుకు తీసుకెళ్లండి. బంగారం మీద బ్యాంకు రుణానికి వడ్డీ సాధారణంగా నూటికి నెలకు రూపాయి లోపే ఉంటుంది. లక్ష తీసుకుని, 80 పైసల చొప్పున పడిందనుకుంటే నెలకు 800. ఆ లక్షతో మూడు రూపాయల అప్పులో లక్ష తీరిస్తే 3,000 వడ్డీ ఆగుతుంది. నెలకు 2,200 మిగులు. మొత్తం వడ్డీ 7,200 నుంచి 5,000కు దిగుతుంది. జాగ్రత్తలు రెండు. ఈ రుణానికి గడువు సాధారణంగా ఏడాది ఉంటుంది, ఆలోపు తీర్చకపోయినా, వడ్డీ కట్టి తిరగరాయించకపోయినా వేలానికి పోతుంది. గడువు తేదీ నోటుపుస్తకం అట్ట లోపల పెద్దగా రాసుకోండి. ఇక డబ్బు బ్యాంకు నుంచి తిన్నగా అప్పిచ్చినవాళ్ల దగ్గరికే వెళ్లాలి. ఒక్క రాత్రి ఇంట్లో ఉంటే అది వేరే అవసరానికి వెళ్లిపోతుంది.

తీర్చేటప్పుడు ఒకే మనిషి అప్పు పూర్తిగా తీర్చేలా చూసుకోండి. అందరికీ కాస్త కాస్త కడితే ఎవరి నోటూ వెనక్కి రాదు. పూర్తిగా తీర్చాక అసలు నోటు చేతికి తీసుకుని చించేయండి. కొంతే కడితే నోటు వెనక చెల్లు రాయించుకోండి: తేదీ, ఎంత, అసలులోకా వడ్డీలోకా. చెల్లు లేకుండా ఇచ్చిన డబ్బు గొడవ వచ్చిన రోజున ఇవ్వనట్టే.

కానుకల సంగతి. దశమభాగం, అంటే వచ్చినదానిలో పదో వంతు, మీరు నమ్మి ఇస్తుంటే ఇవ్వండి, ఎడమ పేజీలో ఉన్నదాని మీద మాత్రమే లెక్కేసి. అప్పు తెచ్చి కానుక వేయడం వద్దు. పౌలు 2 కొరింథీయులకు 8:12లో రాసింది ఇదే, ఉన్నదాన్ని బట్టే అంగీకారం, లేనిదాన్ని బట్టి కాదు. మార్కు 7లో కొర్బాను సంగతి కూడా చదవండి. తల్లిదండ్రులకు పెట్టవలసింది "దేవుడికి ఇచ్చేశాను" అని ఆపినవాళ్లను యేసు ప్రభువు మెచ్చుకోలేదు, గద్దించాడు. పిల్లల ఫీజు, ఇంటి అద్దె ఆ కోవలోవే. ఇస్తానన్న లక్ష గురించి ఆయనే ఆ సేవకుడి దగ్గరికి వెళ్లి, మాకు ఇంత అప్పు ఉంది, అది తీరేదాకా ఇవ్వలేను అని చెప్పాలి. పక్కన మీ సంఘం పెద్ద ఒకరు ఉంటే మంచిది. నిజమైన కాపరి అయితే ముందు అప్పు తీర్చుకోమంటాడు. అప్పు తెచ్చైనా ఇవ్వమంటే, ఇవ్వకపోతే శాపమంటే, ఆ కూడికకు మళ్లీ వెళ్లొద్దు. ఈ విషయంలో మేము మెత్తగా చెప్పలేం.

ఆపించిన బీమా వల్ల మీకు మిగిలేది చాలా తక్కువ. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436, సురక్షా బీమాకు 20. చేరిన మొదటి 30 రోజులు దాటాక ఏ కారణంతో మరణించినా మొదటిదానిలో 2 లక్షలు, ప్రమాదంలో అయితే రెండోదానిలో మరో 2 లక్షలు. మొదటిదానిలో చేరడానికి వయసు 50 దాటకూడదు, ఆయనకు ఇంకా సమయం ఉంది. మే చివరి వారంలో ఖాతాలోంచి కట్ అవుతుంది. ఆ రోజుల్లో ఖాతా ఖాళీగా ఉంటే బీమా ఆగిపోతుంది, చాలా ఇళ్లలో జరిగేది ఇదే. 500 ఉంచండి. విధవరాలినీ పిల్లల్నీ సంఘం చూసుకోవాలని వాక్యం చెబుతోంది, నిజమే. కానీ 1 తిమోతి 5 ఆ భారం ముందు సొంత ఇంటివాళ్ల మీదే పెట్టింది. తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని ఎనిమిదో వచనంలో రాసింది కూడా ఆ సందర్భంలోనే.

ఆయనతో ఎప్పుడు మాట్లాడాలి? ఉపవాస ప్రార్థన రోజున వద్దు, పిల్లల ముందు వద్దు, అప్పులవాళ్లు వచ్చి వెళ్లిన సాయంత్రం అసలే వద్దు. 30 రోజుల పుస్తకం నిండాక, అన్నం తిన్న తర్వాత, పుస్తకం ముందు పెట్టి ఎడమ పేజీ మొత్తం, ఎర్ర పేజీ మొత్తం చదివి వినిపించండి. "మీకు విశ్వాసం లేదు" అనే మాట మీరు వాడొద్దు. ఆయన వాడిన ఆ మాటకు మీరెంత బాధపడ్డారో మీకు తెలుసు. సేవ మానేయమని అడగొద్దు. పొద్దున షిఫ్టు పనికి వెళ్లి, సాయంత్రాలూ ఆదివారాలూ సేవ చేయమని అడగండి. పౌలు కొరింథులో డేరాలు కుట్టాడు, థెస్సలొనీకలో రాత్రింబగళ్లు పనిచేశానని తనే రాశాడు. ఆ జీతం తిరిగి వస్తే లెక్క ఇలా ఉంటుంది: ఇద్దరిదీ కలిపి 32,000. దశమభాగం 3,200, వడ్డీ 5,000, ఇల్లు 15,000 పోగా 8,800 మిగులుతుంది. అది ప్రతి నెలా మూడు రూపాయల అప్పు అసలులోకే కడితే, తగ్గే వడ్డీని కూడా అందులోనే కలుపుతూ పోతే, మిగిలిన 1,40,000 పద్నాలుగు నెలల్లోపే తీరుతుంది. ఆ తర్వాత గోల్డ్‌లోను. అప్పు లేని రోజున, సంఘం పెద్దలు ఆయన పిలుపును గుర్తించి నెలకు ఇంత అని నిలబడితే, అప్పుడు పూర్తికాల సేవ గురించి ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. సువార్త ప్రకటించేవాళ్లు దానివల్లే బతకాలన్న మాట 1 కొరింథీయులకు 9లో ఉంది, అది సంఘానికి చెప్పిన బాధ్యత.

ఆయన వినకపోవచ్చు కూడా. అప్పుడు మీ పాస్టరుగారినీ, ఆయన గౌరవించే ఒక పెద్దనూ ఇంటికి పిలిచి అదే పుస్తకం చూపించండి. మీ సంపాదన, మీ గొలుసు, మీ సంతకం ఈ మూడూ మీ చేతిలోనే ఉంచుకోండి. ఇది భర్తను ధిక్కరించడం కింద రాదు. పిల్లల అన్నాన్ని కాపాడటం.

మీకోసం ఒక మాట. ఇంత లెక్క చూశాక రాత్రిళ్లు నిద్రపట్టక, అంతా నేనే మోయాలన్న భయం పట్టుకునే ప్రమాదం మీకూ ఉంది. చింతించొద్దన్న మాట మీకు కూడా వర్తిస్తుంది. రాత్రి లెక్క రాయడం అవ్వగానే పుస్తకం మూసి, ఆ రోజు ఎడమ పేజీలో ఉన్నవాటిని పేరుపేరునా చెప్పి కృతజ్ఞత చెప్పండి. ఫలానా ఆమె జాకెట్టు డబ్బు ఇచ్చింది, పక్కింటివాళ్లు మునక్కాయలు ఇచ్చారు, అలా. మునక్కాయలూ పేజీలో రాయండి, అవీ వచ్చినవే. ఆ తర్వాత మళ్లీ పొద్దుటిదాకా డబ్బు మాట ఎత్తొద్దు.

అన్నా, ఈ సమాధానం మీరూ చదువుతుంటే, మీ మీద మాకు కోపం లేదు. మీరు దేవుడి కోసం వదిలింది చిన్నది కాదు. ఆ పుస్తకం ఎడమ పేజీ రేపటి నుంచి మీ చేత్తో మీరే రాయండి.

మూడు నెలల తర్వాత ఎడమ పేజీ మొత్తం ఎంతో, ఎర్ర పేజీ మొత్తం ఎంతో రెండు అంకెలూ మాకు రాయండి సోదరీ. అప్పుడు ఏ అప్పు ముందు తీర్చాలో కలిసి చూద్దాం.